కమీషన్ అందాక కూడా ఫోన్ చేస్తే...

ఇల్లు చూపించేటప్పుడు రోజుకు నాలుగుసార్లు ఫోన్. రిజిస్ట్రేషన్ నాడు పొద్దున్నే గుమ్మం ముందు కారు. గృహప్రవేశం భోజనాల్లో మొదటి బంతిలోనే విస్తరి. ఆ తర్వాత... కనిపిస్తే ఒట్టు! ఇల్లో ప్లాటో కొన్న కుటుంబాల్లో చాలామందికి ఏజెంటు గురించి మిగిలే జ్ఞాపకం ఇదే. అందులో ఆయన తప్పు పూర్తిగా ఉందనీ అనలేం. పని చేశాడు, కమీషన్ తీసుకున్నాడు. వీళ్లు మళ్లీ ఇల్లు కొనేదెప్పుడు కనక?

నిజమే. మధ్యతరగతి కుటుంబం జీవితకాలంలో రెండు మూడుసార్లకు మించి స్థిరాస్తి కొనదు. కానీ ఆ కుటుంబానికి బావమరుదులుంటారు, ఆఫీసులో పక్క సీటువాళ్లుంటారు, అమెరికాలో అల్లుడుంటాడు. 'మీకు ఇల్లు ఇప్పించిందెవరు?' అని వాళ్లలో ఎవరో ఒకరు అడిగే రోజు వస్తుంది. ఆ రోజు ఏజెంటు పేరు చప్పున నోటికి రావాలి. 'ఎవరో ఉండేవాడండీ, నంబరు ఎక్కడో రాసిపెట్టా' అన్నారంటే ఆ బేరం పోయినట్టే.

ఈ కిటుకు కనిపెట్టి చరిత్రకెక్కిన మనిషి ఒకరున్నారు. ఆయన అమ్మింది ఇళ్లు కాదు, కార్లు. అమెరికాలో డెట్రాయిట్ ప్రాంతంలోని ఓ షెవ్రొలే షోరూమ్‌లో పనిచేసిన జో గిరార్డ్ 1963-78 మధ్య 13,001 కార్లు అమ్మారు. 1973లో ఒక్క ఏడాదే 1,425! కారు కొన్న ప్రతివారికీ నెలనెలా ఓ గ్రీటింగ్ కార్డు పంపేవారాయన. ఒక్కో మనిషికీ పెళ్లికో చావుకో వచ్చేంత దగ్గరివాళ్లు 250 మంది దాకా ఉంటారనీ, ఒకరిని మెప్పిస్తే ఆ 250 మందికీ తెలుస్తుందనీ ఆయన లెక్క. (మన పెళ్లిళ్లు చూసి ఉంటే ఆ అంకె పక్కన మరో సున్నా చేర్చేవారేమో!)

అయితే గిరార్డ్ కార్డు పోస్టులో వచ్చేది. ఇప్పుడు సంక్రాంతి పొద్దున ఫోన్ తెరిస్తే అదే ముగ్గు బొమ్మ, అదే పాల కుండ బొమ్మ నలభై మంది దగ్గర్నుంచి వచ్చి పడతాయి. అందులో ఏజెంటుది ఏదో ఎవరు చూస్తారు? పైగా వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో పంపే మెసేజ్ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. నంబరు తీసేసినవాళ్లకు ఆ శుభాకాంక్షలు అందనే అందవు. అలాగని పాత ఖాతాదారులందర్నీ తెచ్చి ఒకే గ్రూపులో పడేస్తే ఇంకో చిక్కు. అందరి నంబర్లూ అందరికీ తెలిసిపోతాయి. అందులో మరో బ్రోకరు ఒక్కడుంటే చాలు, సాయంత్రానికల్లా అందరికీ వెంచర్ బ్రోచర్లు వెళ్తాయి. అనుమతి లేకుండా ఆడవాళ్ల నంబర్లు నలుగురిలో పెట్టడం మర్యాద కూడా కాదు.

ఆషాఢంలో ఫోన్

మరి ఏం చేయాలి? ఖర్చు లేని పని ఒకటుంది. ఆషాఢం, శూన్యమాసం, మూఢం... ఈ రోజుల్లో మనవాళ్లు కొత్త ఇంటి మాటెత్తరు. ఏజెంట్లకు అది ఈగలు తోలుకునే కాలం. పాత ఖాతాదారులకు ఫోన్ చేయడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అమ్మడానికి ఏమీ లేని రోజుల్లో చేసిన ఫోన్ కాబట్టి అవతలివాళ్లూ భయపడకుండా ఎత్తుతారు. 'పైపులు లీకవుతున్నాయన్నారు, బాగయ్యాయా?' అని రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. 'మంచి ప్లాటుంది సార్' అన్న మాట అందులో రాకూడదు.

అలా మాట్లాడాలంటే గుర్తుండాలి. అందుకే పాతకాలపు ఏజెంట్ల సంచిలో లావుపాటి డైరీ ఉండేది. ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ. డాక్యుమెంటు నంబరు, సర్వే నంబరు, ఎన్ని గజాలు, ఏ బ్యాంకు లోను. కింద ఇంకో వరుస... పిల్లలు ఏం చదువుతున్నారు. మన ఇళ్లలో చాలా ప్లాట్లు కొనేదే అమ్మాయి పెళ్లి కోసమో, అబ్బాయి పైచదువు కోసమో కదా! 'అమ్మాయి తొమ్మిదో తరగతి' అని రాసుకున్న ఏజెంటుకు ఆ ప్లాటు ఎప్పుడు అమ్మకానికి రావచ్చో ఎవరూ చెప్పనక్కర్లేదు. డైరీ స్థానంలో ఇప్పుడు ఫోనో ఎక్సెల్ షీటో వచ్చింది. రాసుకోవాల్సింది మాత్రం మారలేదు.

పనికొచ్చే కబురు

ఊరికే పలకరించడం కంటే పనికొచ్చే కబురు ఒకటి చెప్పడం మేలు. ఏటా ఏప్రిల్ నెలాఖరులోగా ఆ ఏడాది ఆస్తిపన్ను మొత్తం కట్టేవాళ్లకు హైదరాబాద్‌లోనూ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. ఆ నెల మొదటి వారంలో గుర్తుచేసిన ఏజెంటును ఏ ఇల్లాలు మరిచిపోతుంది? ఇల్లు కొని అయిదేళ్లయినా కరెంటు బిల్లు పాత యజమాని పేరుతోనే వస్తుంటే, దాన్ని మార్పించమని చెప్పడమూ అలాంటిదే.

తెలంగాణలో లేఅవుట్ అనుమతి లేని ప్లాట్ల కథ తెలిసిందే. 2020లో వాటి రిజిస్ట్రేషన్లు ఆపేసి, క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకున్నారు. వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టిన లక్షలాది మందిలో చాలామంది దాన్ని బీరువాలో పడేసి మరిచిపోయారు. 2025లో 25 శాతం రాయితీ ప్రకటించినప్పుడు తాను అమ్మిన ప్లాట్ల జాబితా ముందేసుకుని కూర్చుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేయడమే ఏజెంటు చేయగలిగిన మేలు. కొన్నవాళ్లకు వేలల్లో మిగులుతుంది, ఆయనకు ఫోన్ ఖర్చే!

ఫ్లాటు కొన్నవాళ్ల సంగతి వేరు. 2016 రెరా చట్టం ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్లలోపు నిర్మాణంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలి. నాలుగో ఏడు దాటుతుండగా 'గోడల్లో పగుళ్లేమైనా ఉంటే ఇప్పుడే కాగితం మీద రాసివ్వండి' అని చెప్పే ఏజెంటు ఎంతమందికి దొరుకుతాడు! బిల్డరుకు కోపం వస్తుందన్న భయం ఉంటుంది మరి. ఎవరి పక్కన నిలబడాలో ఏజెంటు తేల్చుకోవాల్సింది ఇక్కడే.

దూరంగా ఉన్నవాళ్ల ప్లాటు

అసలు అవసరం విదేశాల్లో ఉన్నవాళ్లది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ ఊరి శివారులో రెండొందల గజాలు కొన్నవాళ్లకు ఆ స్థలం మీద రాత్రుళ్లు బెంగ. హద్దురాళ్లున్నాయా, పక్కవాడు గోడ జరిపాడా? ప్రైవేటు స్థలం పరుల అధీనంలోకి వెళ్తే, దాన్ని తిరిగి ఇప్పించమని దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు 12 ఏళ్లే. ఆరు నెలలకోసారి వెళ్లి నాలుగు మూలల నుంచీ నాలుగు ఫొటోలు, ఏడాదికోసారి ఆన్‌లైన్‌లో ఈసీ తీసి పంపితే వాళ్లకు కొండంత ధైర్యం. రిజిస్ట్రేషన్లలో తేడా వస్తే ఈసీలో బయటపడుతుంది. ఈ పనికి కొందరు ఏజెంట్లు ఏడాదికింతని తీసుకుంటారు. అందులో తప్పులేదు, ముందే చెప్పి తీసుకుంటే.

ఒక గీత మాత్రం దాటకూడదు. అసలు పత్రాలు తన దగ్గర పెట్టుకోవడం, 'నా పేర జీపీఏ ఇవ్వండి, అంతా చూసుకుంటా' అనడం... ఇలాంటి చనువును ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. ఒకసారి వద్దన్నవాళ్లకు మళ్లీ ఫోన్ చేయకపోవడమూ ఇందులోదే. అమ్మకాల కాల్స్ వద్దనుకునేవాళ్లు 1909కు చెప్పి నమోదు చేసుకునే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. ఇక గజం ధర లేనిదాన్ని ఉన్నట్టు పెంచి చెప్పి పాతవాళ్లను ఊరించడం... ఒక్కసారి దొరికిపోతే పదేళ్ల పలకరింపులు నీళ్లపాలే.

చెడు కబురు వచ్చినప్పుడు

2024 జులైలో హైడ్రా ఏర్పాటయ్యాక చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్లలో కూల్చివేతలు మొదలైతే నగర శివార్లలో ఇల్లు కొన్న ప్రతి కుటుంబానికీ ఒకటే గుబులు... మనది ఎక్కడుంది? అలాంటి రోజున ఏజెంటు ఫోన్ స్విచ్ఛాఫ్ కాకూడదు. చెరువుల మ్యాపులు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్లో ఉన్నాయి. తాను అమ్మిన సర్వే నంబర్లు వాటితో సరిచూసి 'మీది దూరం' అనో, 'మీరు లాయరును కలవండి, నేనూ వస్తా' అనో చెప్పాలి. రెండో మాట చెప్పడం కష్టం. తిట్లు కూడా పడొచ్చు.

ఇంటిపెద్ద పోయినప్పుడు వచ్చే ఇబ్బంది ఇంకోటి. ఆయన కొన్న ప్లాటు ఎక్కడుందో భార్యకు తెలియదు, పిల్లలు ఎప్పుడూ చూడలేదు. బీరువాలో కాగితాలుంటాయి కానీ, అప్పటి మట్టిరోడ్డు ఇప్పుడు నాలుగు వరుసల రహదారి అయిపోయి ఉంటుంది. పదకొండో రోజు దాటాక ఓ పూట ఏజెంటు వాళ్లింటికి వెళ్లి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలో చెప్పి, పిల్లల్ని బండెక్కించుకుని వెళ్లి 'ఇదిగో, మీ నాన్న కొన్నది ఈ రాయి నుంచి ఆ కానుగ చెట్టు దాకా' అని చూపించి వస్తే... ఆ ఇంట్లో ఆయన నంబరు ఇక తండ్రి ఫోన్లోంచి కొడుకు ఫోన్లోకి ఎక్కుతుంది.