అండకణ సూక్ష్మక్షేపణం

సూక్ష్మక్షేపణం అంటే అతి సన్నని గాజు సూదితో ఒక జీవకణం లోపలికి డి.ఎన్.ఎ., ఆర్.ఎన్.ఎ., ప్రొటీను వంటి పదార్థాన్ని గాని, ఒక్కొక్కప్పుడు మరొక కణపు కేంద్రకాన్ని గాని నేరుగా ప్రవేశపెట్టే పద్ధతి. వైద్యుడు పొడిచే సూదిమందు వంటిదే ఇది. కాకపోతే ఇక్కడ రోగి ఒకే ఒక్క కణం. క్షీరదాల అండకణాలను అధ్యయనం చేయడానికి ఈ పద్ధతి అత్యవసరమైనది.

అండకణానికి సూది ఎందుకు?

ప్రయోగశాలలో పెరిగే మామూలు కణాలను లక్షల సంఖ్యలో తీసుకొని, రసాయనాల సాయంతో వాటిలోకి జన్యువులను పంపవచ్చు. అండకణాలతో ఆ పని సాగదు. ఒక చిట్టెలుక నుండి లభించేవి కొన్ని పదులు మాత్రమే. పైగా ప్రతి అండం చుట్టూ జోనా పెల్లుసిడా అనే మందపాటి పారదర్శక పొర ఉంటుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. పూర్తిగా ఎదిగిన అండకణం తన జన్యువుల నుండి కొత్త ఆర్.ఎన్.ఎ. తయారుచేయడం దాదాపు ఆపివేస్తుంది; అప్పటికే దాచుకున్న నిల్వలతోనే కాలం గడుపుతుంది. కాబట్టి దానిలో ఒక ప్రొటీను పుట్టించాలంటే జన్యువును ఇస్తే చాలదు, తయారైన వార్తాహర ఆర్.ఎన్.ఎ.ను లోపల పెట్టవలసిందే.

ఈ కణాన్ని ఇంత శ్రమపడి పరిశీలించడానికి బలమైన కారణం ఉంది. స్త్రీ పుట్టకముందే ఆమె అండకణాలు క్షయకరణ విభజన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోతాయి. వాటిలో కొన్ని నలభై ఏళ్ళకు పైగా ఆ స్థితిలోనే వేచి ఉంటాయి. వయసు పెరిగిన కొద్దీ క్రోమోసోముల పంపకంలో పొరపాట్లు పెరుగుతాయి. అనేక గర్భస్రావాలకు, డౌన్ సిండ్రోమ్‌కు మూలం ఈ పొరపాట్లే.

పని జరిగే తీరు

తలకిందుల సూక్ష్మదర్శినికి ఇరువైపులా, చేతి కదలికలను ఎన్నో రెట్లు తగ్గించి అందించే యంత్రాలు అమర్చి ఉంటాయి. ఒకవైపు మొద్దుకొన గల గాజు గొట్టం మెల్లగా పీల్చి అండాన్ని కదలకుండా పట్టుకుంటుంది. రెండవవైపు సూది. గాజు గొట్టాన్ని మధ్యలో వేడిచేసి సాగదీస్తే ఈ సూది తయారవుతుంది; ఆర్.ఎన్.ఎ. ఎక్కించే సూది మొన సుమారు ఒక మైక్రోమీటరు ఉంటుంది. అండం ఉన్న ద్రవపు బొట్టు ఆవిరి కాకుండా పైన నూనె పోస్తారు.

చిట్టెలుక అండం వ్యాసం సుమారు 80 మైక్రోమీటర్లు, అంటే దాని ఘనపరిమాణం సుమారు 270 పికోలీటర్లు. (పికోలీటరు అంటే లీటరులో లక్షకోటి వంతు.) ఎక్కించేది సాధారణంగా 5 నుండి 10 పికోలీటర్లు. అంతకు బాగా మించితే కణం పగులుతుంది.

కొత్తగా నేర్చుకునేవారిని మోసగించేది కణత్వచం. ఊదిన బుడగలో వేలు గుచ్చినట్లు, అది తెగకుండా సూదితో పాటు లోపలికి సాగుతుంది. సూది మొన కణం నడుమ ఉన్నట్లే కనిపిస్తుంది, కాని ద్రవం త్వచానికి బయటే పడుతుంది. అందువలన కొంచెం కణద్రవ్యాన్ని వెనక్కు పీల్చి, త్వచం తెగిందని నిర్ధారించుకున్నాకే ద్రవం వదులుతారు. కొన్ని ప్రయోగశాలలలో చిన్న విద్యుత్ స్పందనతో త్వచాన్ని తెరుస్తారు.

చరిత్ర

తే పింగ్ లిన్ 1966లో చిట్టెలుక అండాలలోకి సూక్ష్మక్షేపణం చేసిన విధానాన్ని ప్రచురించాడు. 1976లో ఉయెహారా, యానగిమాచి హామ్‌స్టర్ అండాలలోకి శుక్రకణాల కేంద్రకాలను ఎక్కించారు. 1980లో గోర్డన్, రడిల్, ఫలదీకరణ జరిగిన చిట్టెలుక అండంలో ఇంకా కలవని రెండు కేంద్రకాలలో ఒకదానిలోకి డి.ఎన్.ఎ. ప్రవేశపెట్టి, పరజన్యువు గల ఎలుకలను పుట్టించారు. రెండేళ్ళకు, పెద్ద ఎలుక పెరుగుదల హార్మోను జన్యువుతో పామిటర్, బ్రిన్‌స్టర్ బృందం సృష్టించిన భారీ చిట్టెలుకలు లోకప్రసిద్ధి పొందాయి.

సాధారణంగా ఏ పద్ధతి అయినా ముందు ఎలుకకు, తరువాత మనిషికి వస్తుంది. శుక్రకణాన్ని అండంలోకి ఎక్కించే ‘ఇక్సి’ విషయంలో ఇది తారుమారయింది. బ్రస్సెల్స్‌లో పలెర్మో బృందం ఈ పద్ధతి ద్వారా మానవ గర్భధారణలు సాధించినట్లు 1992లో ప్రకటించింది. చిట్టెలుక అండపు త్వచం మరీ సున్నితం. శుక్రకణం పట్టేంత లావు సూది దిగితే అండం చనిపోయేది. 1995లో కిమురా, యానగిమాచి సూదిని విద్యుత్తుతో సూక్ష్మంగా అదిలించే పియెజో పరికరం వాడి ఈ చిక్కును దాటారు. వాకయామా 1998లో అదే పరికరంతో క్యుములీనా అనే చిట్టెలుకను క్లోనింగు చేశాడు.

తెలిసివచ్చిన సంగతులు

శుక్రకణం తాకగానే అండంలో కాల్షియం అలలుగా ఎగసిపడుతుంది. అండాన్ని మేల్కొలిపేది ఆ అలలే. వాటిని లేపే పదార్థం ఏది? 2002లో పి.ఎల్.సి. జీటా అనే ప్రొటీను ఆర్.ఎన్.ఎ.ను మాత్రమే చిట్టెలుక అండంలోకి ఎక్కించగా, శుక్రకణం లేకుండానే అటువంటి అలలు లేచాయి. ఈ ప్రొటీను లోపించిన కొందరు పురుషులలో ఇక్సి కూడా విఫలమవుతుందని తరువాత తేలింది.

జంటపోగుల ఆర్.ఎన్.ఎ. ఎక్కించి అండంలో ఒక జన్యువు సందేశాన్ని అణచివేయవచ్చని 2000లో తెలిసింది. కాని సందేశం పోయినా, ముందే నిల్వ ఉన్న ప్రొటీను మిగిలే ఉంటుంది. 2017లో ప్రకటించిన ‘ట్రిమ్-అవే’ పద్ధతిలో, ఆ ప్రొటీనును గుర్తుపట్టే ప్రతిరక్షకాన్ని ఎక్కిస్తారు. ట్రిమ్21 అనే మరొక ప్రొటీను దానికి అంటుకొని, రెండింటినీ కణపు విధ్వంసక యంత్రాంగానికి అప్పగిస్తుంది.

సూదిపోటు కూడా అండానికి గాయమే. అందుచేత ప్రతి ప్రయోగంలోను, ఏమీ కలపని ద్రవాన్ని, లేదా సంబంధం లేని ప్రతిరక్షకాన్ని ఎక్కించిన అండాలను పక్కన ఉంచి పోల్చి చూస్తారు.