కవర్ సాంగ్‌కి పర్మిషన్ కావాలా?

నచ్చిన సినిమా పాట పాడి యూట్యూబ్‌లో పెట్టేస్తాం. కింద 'క్రెడిట్స్ ఒరిజినల్ టీమ్‌కే' అని రాస్తే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. పేరు చెప్పడం మర్యాద, అనుమతి వేరు.

2017లో అమెరికా టూర్‌లో ఉన్న ఎస్పీ బాలుకే ఇళయరాజా నుంచి లీగల్ నోటీసు వెళ్లింది, అనుమతి లేకుండా తన పాటలు వేదికలపై పాడొద్దని. వాటిలో ఎన్నో మొదట పాడిందే బాలు! కానీ పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగ్.. దేని హక్కు దానిదే. మీరే వాయించి పాడితే రికార్డింగ్ జోలికి వెళ్లనట్టే. ఎవరిదో కరోకే ట్రాక్ వాడారా, అదీ మెడకు చుట్టుకుంటుంది.

మన కాపీరైట్ చట్టంలో కవర్ల కోసమే 31సి సెక్షన్ ఉంది. పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ముందే నోటీసిచ్చి, ఏడాదికి కనీసం 50 వేల కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. హాస్టల్ రూమ్ బ్యాండ్‌కి అయ్యే పనేనా? అందుకే యూట్యూబ్‌లో చాలా కవర్లు కంటెంట్ ఐడీ దయ మీద బతుకుతున్నాయి. హక్కుదారు కావాలంటే యాడ్ డబ్బులు తీసుకుంటాడు, వద్దనుకుంటే వీడియో ఆపేస్తాడు.

పెళ్లి ఊరేగింపులో పాడుకోవచ్చు, చట్టమే మినహాయించింది. కాలేజీ కార్యక్రమంలో స్టూడెంట్స్, స్టాఫ్, పేరెంట్స్ మాత్రమే ఉంటే ఇబ్బంది లేదు. టికెట్ పెట్టి బయటివాళ్లను పిలిస్తే లెక్క మారుతుంది.

అన్నమయ్య కీర్తనైతే సేఫ్ కదా అంటారా? సాహిత్యం వరకు అవును. బాణీ కట్టింది ఈ కాలపు విద్వాంసుడైతే మాత్రం, ఆయన పోయాక కూడా 60 ఏళ్లు దానికి హక్కుంటుంది.