మెదడులో మూసుకున్న దారి తెరుచుకుంటుందా?

పక్షవాతం అనగానే కాలూ చెయ్యీ పడిపోయే జబ్బు అనుకుంటాం. అసలు దెబ్బ తగిలేది మెదడుకు. మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమనిలో గడ్డ అడ్డుపడటం వల్లనే ఎక్కువ పక్షవాతాలు వస్తాయి. రక్తనాళం చిట్లడం వల్ల వచ్చేవి తక్కువ.

అడ్డుపడిన గడ్డ ఒక్కోసారి దానంతట అదే కరుగుతుంది. ఎలా? రక్తపు గడ్డను పట్టి ఉంచేవి ఫైబ్రిన్ అనే సన్నని దారాలు. వాటిని తెంచే ప్లాస్మిన్ అనే ఎంజైము మన రక్తంలోనే తయారవుతుంది. అయితే దాని పని అందరిలో ఒకేలా సాగదు. కారణాలు ఇవి:

1. పరిమాణం: చిన్న గడ్డ త్వరగా కరుగుతుంది. పొడవైనది కరగడం కష్టం.

2. చోటు: చిన్న కొమ్మల్లోని అడ్డు తొలగినంత సులువుగా మెడ నుంచి వచ్చే పెద్ద ధమనిలోని అడ్డు తొలగదు.

3. స్వభావం: ఎర్ర రక్తకణాలు ఎక్కువగా ఉన్న తాజా గడ్డ మెత్తన. ఫైబ్రిన్ దట్టంగా అల్లుకున్న గడ్డ మొండిది.

4. పక్కదారులు: ఇరుగుపొరుగు ధమనుల రక్తం గడ్డను రెండో వైపు నుంచి కూడా తాకి, కరగడానికి సాయపడుతుంది. ఈలోగా మెదడు కణాలనూ కాపాడుతుంది.

5. ధమని గోడ: కొవ్వు పేరుకుని ఇరుకైన చోట గడ్డ కరిగినా దారి పూర్తిగా తెరుచుకోదు.

మరి కరిగేదాకా ఎదురుచూడవచ్చా? కూడదు. పెద్ద ధమని మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. ఆలస్యంగా దారి తెరుచుకుంటే, పైరు ఎండాక కాలువకు నీళ్లు వచ్చినట్టే. పైగా దెబ్బతిన్న చోట రక్తస్రావం కావచ్చు. అందుకే సీటీ స్కాన్ చూసి, తగినవారికి నాలుగున్నర గంటల్లోపు ప్లాస్మిన్‌ను పెంచే మందు ఎక్కిస్తారు. పెద్ద ధమనిలోని గడ్డనైతే సన్నని గొట్టం పంపి బయటికి లాగుతారు.

కొందరికి లక్షణాలు కొద్ది నిమిషాల్లోనే పోతాయి. "తగ్గిపోయిందిగా" అని ఊరుకోకూడదు. అది పెద్ద పక్షవాతానికి ముందు హెచ్చరిక కావచ్చు.

మిత్రులారా! మనం మూడు నాలుగేళ్లకోసారి కొత్త ఊరికి మారుతుంటాం. అమ్మమ్మో తాతయ్యో మనతోనే ఉండవచ్చు. కొత్త ఊళ్లో బడితోపాటు, రాత్రీపగలూ సీటీ స్కాన్ చేసే ఆసుపత్రి ఎక్కడుందో కూడా తెలుసుకుందాం. ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా 112కు ఫోన్ చేయాలి. ఇంట్లో ఏ మాత్రా మింగించకూడదు. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో రాసిపెట్టుకోవాలి. డాక్టరు ముందుగా అడిగే ప్రశ్నల్లో అదొకటి.