స్వలింగ ప్రియుల సామాజిక గుర్తింపు – ఇస్లామీయ దృక్పథం

పులికాట్ సరస్సు ఒడ్డునున్న చిట్టమూరు మండలం నుంచి ఒక సోదరుడు మాకు ఉత్తరం రాశారు. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన ప్రాంతమది. ఉత్తరంలోని ప్రశ్నలు రెండు. మొదటిది: "మా అబ్బాయి కాలేజీలో చదువుతున్నాడు. స్వలింగ ప్రియులమని బహిరంగంగా చెప్పుకున్న నటులను, నాయకులను లోకమంతా గౌరవిస్తోంది, సుప్రీంకోర్టు కూడా నేరం కాదన్నది, మీరెందుకు ఒప్పుకోరు అని అడుగుతున్నాడు. వాడికేమి చెప్పాలి?" రెండవది: "ఒక శుక్రవారం మా మసీదుకు ఒక హిజ్రా నమాజుకు వచ్చాడు. కొందరు పెద్దలు వాకిట్లోనే ఆపి పంపివేశారు. ఇది న్యాయమేనా?"

ఈ రెండింటిని విడివిడిగా చూడవచ్చు. కాని మొదటి ప్రశ్నకు తొందరపాటుతో ఇచ్చే జవాబే రెండవ ప్రశ్నలోని అన్యాయానికి దారితీస్తున్నది. అందుచేత ఈ విషయాన్ని మొదటి నుంచి వివరించటం అవసరమని భావించాము.

ముందుగా పదాల స్పష్టత

మన వాడుకలో హిజ్రా, నపుంసకుడు, స్వలింగ సంపర్కుడు అన్న మాటలను ఒకే మూటగా కట్టివేస్తాము. ఇస్లామీయ ధర్మశాస్త్రం (ఫిఖహ్) అలా కట్టలేదు. పుట్టుకతోనే స్త్రీ పురుష లక్షణాలు రెండూ కలిగిన వ్యక్తిని ధర్మవేత్తలు 'ఖున్సా' అన్నారు. ఏ పక్షమూ తేలని స్థితిలో ఉన్నవారిని 'ఖున్సా ముష్కిల్' అన్నారు. హనఫీ గ్రంథాలలో ప్రసిద్ధమైన 'హిదాయా'లో ఖున్సా గురించి ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. నమాజు వరుస, వారసత్వంలో వాటా, మరణానంతర స్నానం, కఫన్ అన్నీ అందులో చర్చకు వచ్చాయి. చర్చకు వచ్చాయంటేనే వారు సమాజంలో సభ్యులని అర్థం.

రెండవవారు 'ముఖన్నస్'. శరీరం పురుషునిదే అయినా నడక, మాట తీరు స్త్రీని పోలినవారు. వీరిలో రెండు రకాలున్నారని ఇమామ్ నవవీ సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో వివరించారు. స్వభావరీత్యా అలా ఉన్నవారిపై నింద లేదు, పాపం లేదు. కావాలని ఆ వేషం వేసేవారే నిందార్హులు. మూడవది ఒకే లింగానికి చెందినవారి మధ్య లైంగిక క్రియ. ఇది ఒక పనికి పేరు, మనిషికి పేరు కాదు. ఇక మనసులో కలిగే ఆకర్షణ ఈ మూడింటికీ వేరైనది.

లోకంలో వచ్చిన మార్పు

యాభై సంవత్సరాల క్రితం పాశ్చాత్య దేశాలలో సైతం ఈ విషయం బయటికి చెప్పుకున్న రాజకీయ నాయకుడు ఎన్నిక కావటం అరుదు. 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలక మండలికి హార్వీ మిల్క్ ఎన్నికయ్యాడు. మరుసటి సంవత్సరమే హత్యకు గురయ్యాడు. 2009లో ఐస్‌లాండ్‌లో యోహన్నా సిగుర్దార్‌దొత్తిర్, 2013లో లక్సెంబర్గ్‌లో జేవియర్ బెటెల్, 2017లో ఐర్లండ్‌లో లియో వరద్కర్, 2024లో ఫ్రాన్సులో గేబ్రియల్ అట్టాల్ ప్రధానమంత్రులయ్యారు. వరద్కర్ తండ్రి మన దేశం నుంచి వెళ్ళిన వైద్యుడు.

ఈ మార్పుకు కారణాలు పలు. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. 1980ల నాటి ఎయిడ్స్ విపత్తు, అంతవరకు దాగి ఉన్న వేలాది జీవితాలను ఆసుపత్రి మంచాల మీద బయటపెట్టింది. అన్నిటికంటె బలమైన కారణం పరిచయం. పేరు తెలియని జనసమూహాన్ని ద్వేషించటం సులభం. రోజూ తెరమీద చూసి నవ్వుకునే మనిషిని, తన ఓటుతో గెలిచిన మనిషిని ద్వేషించటం కష్టం.

మన దేశంలో, తెలుగునాట

2006లో రాజ్‌పిప్లా రాజవంశీకుడు మానవేంద్ర సింహ్ గోహిల్ తన విషయం పత్రికాముఖంగా చెప్పినప్పుడు ఆయన దిష్టిబొమ్మలు తగులబెట్టారు. సుప్రీంకోర్టు 377వ సెక్షనును 2018 సెప్టెంబరు 6న కుదించి, వయోజనుల పరస్పర సమ్మతితో జరిగేది నేరం కాదన్నది. ఆ కేసుకు పేరిచ్చిన నవతేజ్ సింగ్ జోహర్ భరతనాట్య కళాకారుడు. వాదించినవారిలో ఒకరైన మేనకా గురుస్వామి హైదరాబాదు కుటుంబంలో పుట్టిన న్యాయవాది. తామిద్దరమూ జంట అని ఆమె, తోటి న్యాయవాది అరుంధతీ కట్జూ 2019లో బహిరంగంగా చెప్పారు. హైదరాబాదులో ఉంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ తమ వివాహానికి చట్టబద్ధత కోరుతూ 2022లో సుప్రీంకోర్టుకెక్కారు. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వివాహం ప్రాథమిక హక్కు కాదన్నది. ఆ కేసులో జమీయత్ ఉలమాయె హింద్, తెలంగాణ మర్కజీ షియా ఉలమా కౌన్సిల్ వంటి సంస్థలు కూడా తమ అభ్యంతరాలను కోర్టు ముందుంచాయి. అది సబబైన మార్గం. అభిప్రాయభేదాన్ని వాదనతో చెప్పటమే పౌరధర్మం.

తెలుగు తెరమీద, ఎన్నికల గోదాలో మొదట కనిపించినవారు మాత్రం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు. 2018 తెలంగాణ ఎన్నికలలో గోషామహల్ నుంచి చంద్రముఖి, 2019లో మంగళగిరి నుంచి తమన్నా సింహాద్రి పోటీ చేశారు. తమన్నా అదే సంవత్సరం బిగ్‌బాస్ కార్యక్రమంలో, 2021లో ప్రియాంకా సింగ్ అదే వేదికపై కనిపించారు. హాస్యం పేరుతో 'కొజ్జా', 'మాడా' అని ఎగతాళి చేసి నవ్వించటానికి అలవాటుపడిన ప్రేక్షకులు వారి కన్నీళ్ళను కూడా చూశారు. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ఉద్యోగంలో చేరారు. 2024 డిసెంబరులో నగర ట్రాఫిక్ విధులలోకి కూడా ఈ వర్గం వారిని తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో వీరికి 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను అందుతున్నది. చిట్టమూరు వంటి మండలంలో సైతం ప్రభుత్వ జాబితాలో చోటు దొరికిన మనిషికి అల్లాహ్ గృహంలో చోటు లేదనటం మనం ఆలోచించవలసిన విషయం.

నిజాం చట్టం నేర్పిన పాఠం

ఇక్కడ ముస్లింలు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన చరిత్ర ఒకటున్నది. హైదరాబాదు సంస్థానంలో 1329 ఫస్లీ (1919)లో నపుంసకుల చట్టం ఒకటి వచ్చింది. నగరంలోని హిజ్రాల పేర్లు రిజిస్టరులో నమోదు చేయాలి. స్త్రీల దుస్తులతో, నగలతో బజారులో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ళ వరకు. పాలకుడు ముస్లిం కనుక ఇది షరీఅత్ నుంచి వచ్చినదని చాలామంది అనుకుంటారు. కాని దీని అచ్చు, 1871లో ఆంగ్లేయులు చేసిన నేరస్థ జాతుల చట్టంలోని రెండవ భాగం. 377వ సెక్షను కూడా 1860లో ఆంగ్లేయులు రాసిన శిక్షాస్మృతిలోదే.

ఈ హైదరాబాదు చట్టం స్వాతంత్ర్యం తరువాత కూడా పుస్తకాలలో మిగిలిపోయింది. 2018లో వైజయంతి వసంత మొగిలి తదితరులు సవాలు చేయగా, తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

షరీఅత్ కొలబద్దతో చూసినా ఆ చట్టం నిలవదు. చేసిన పనికి కాక, ఉన్న తీరుకు శిక్ష వేసింది. సాక్ష్యం అడగలేదు, అనుమానమే చాలన్నది. దివ్య ఖుర్ఆన్ 49వ సూరా, 12వ ఆయతు అనుమానాన్ని, ఇతరుల రహస్యాల కూపీ లాగటాన్ని నిషేధించింది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి ఒక ఇంట పాట విని, గోడ ఎక్కి లోపలికి దూకి మద్యంతో ఉన్న మనిషిని పట్టుకున్న ఉదంతం ప్రసిద్ధం. "నేను చేసిన తప్పు ఒకటి. మీరు కూపీ లాగారు, వాకిలి విడిచి గోడ దూకారు, సలాం చెప్పక లోపలికి వచ్చారు" అన్న భావంతో ఆ మనిషి బదులు చెప్పగా ఖలీఫా వెనుదిరిగారు.

షరీఅత్ నిర్ణయం

ఇక అసలు విషయం. లూత్ ప్రవక్త (అలై) జాతి వృత్తాంతం 7, 11, 26, 27, 29 సూరాలలో వివరంగా ఉన్నది. స్త్రీలను విడిచి పురుషులను మోహంతో ఆశ్రయించటం అక్కడ స్పష్టంగా ఖండించబడింది. స్కాట్ కుగిల్ వంటి ఆధునిక రచయితలు ఆ జాతి నేరం బలాత్కారం, అతిథి ద్రోహం మాత్రమేనని వ్యాఖ్యానించారు. ఆ నేరాలు కూడా వారిలో ఉన్న మాట నిజమే. కాని ఆయతుల పదజాలం అంతటితో ఆగటం లేదు కనుక, ధర్మవేత్తలలో అత్యధికులు ఆ వ్యాఖ్యను అంగీకరించలేదు. నికాహ్ స్త్రీ పురుషుల మధ్యనే. ఈ విషయంలో నాలుగు మజ్‌హబులకు భేదం లేదు.

శిక్ష విషయంలో మాత్రం భేదం ఉన్నది. మాలికీ ధర్మవేత్తలు మరణశిక్ష చెప్పారు. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ వ్యభిచార శిక్షనే వర్తింపజేశారు. ఇమామ్ అబూ హనీఫా ఇది నిర్ణీత శిక్ష (హద్) కిందికి రాదని, న్యాయమూర్తి విచక్షణకు వదిలిన తాజీర్ మాత్రమేనని అన్నారు. ఏ పక్షంలోనైనా శిక్ష న్యాయస్థానం పని. గ్రామ పెద్దలకుగాని, వీధి కుర్రాళ్ళకుగాని ఆ అధికారం లేదు.

ముఖన్నసుల విషయంలో దైవప్రవక్త (స) ఆచరణ చూడండి. ఉమ్మె సలమా (రజి) ఇంటికి ఒక ముఖన్నస్ వచ్చిపోతుండేవాడు. ఒక స్త్రీ శరీరాన్ని అతడు వర్ణించటం విన్న తరువాతనే అతని రాకను ఆపివేశారు. అంటే ఆంక్ష అతని తీరుకు కాదు, స్త్రీల మర్యాదకు భంగం కలిగించిన మాటకు. అబూ దావూద్‌లోని మరో హదీసు ప్రకారం, చేతులకు గోరింట పెట్టుకున్న ఒకరిని ఊరి వెలుపలికి పంపివేశారు. చంపవద్దా అని అడిగినవారికి, నమాజు చేసేవారిని చంపటం తనకు నిషేధించబడిందని జవాబిచ్చారు.

2025 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలో, తాను స్వలింగ ప్రియుడనని ప్రకటించుకున్న ఇమామ్ ముహ్సిన్ హెండ్రిక్స్‌ను కాల్చిచంపారు. ఆయన బోధనలను అంగీకరించని అక్కడి ముస్లిం న్యాయమండలి ఆ హత్యను ఖండించింది. రెండూ ఒకేసారి సాధ్యమేనని అది చూపించింది.

మొదటి ప్రశ్నకు జవాబు

అబ్బాయికి ఇలా చెప్పవచ్చు. చట్టం నేరం కాదన్నంత మాత్రాన హలాల్ కాదు. మద్యం దుకాణానికి, వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉన్నది. మనం వాటిని హరామ్‌గా ఎంచి దూరంగా ఉంటాము. అట్లని మద్యం తాగే పొరుగువానికి వైద్యం నిరాకరించము, అతని బిడ్డను బడి నుంచి పంపివేయము. ఒక జాతిపట్ల వైరం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదన్నది 5వ సూరా, 8వ ఆయతు సారాంశం. ఒక నాయకుని పాలన బాగుంటే మెచ్చుకుంటాము, అవినీతి చేస్తే తప్పుపడతాము. అతని పడకగది మన పరిశోధన కాదు. గౌరవించటం వేరు, ఆమోదించటం వేరు.

తండ్రికి మాత్రం మరో మాట చెప్పవలసి ఉన్నది. కొన్నిసార్లు పిల్లలు లోకం పేరు చెప్పి తమ గురించే అడుగుతారు. అటువంటిదే అయితే కోపంతో నోరు మూయించవద్దు. మనసులో కలిగే తలంపులను, అవి మాటగా, చేతగా మారనంతవరకు అల్లాహ్ పట్టించుకోడని బుఖారీ, ముస్లిం హదీసులున్నాయి. ఆకర్షణతో పోరాడే బిడ్డ పాపి కాడు, పరీక్షలో ఉన్నవాడు. ఇంటి నుంచి తరిమితే ఆ పరీక్షలో అతనికి తోడు లేకుండా పోతుంది.

పెళ్ళి చేస్తే అంతా కుదురుతుందని, విషయం దాచి ఒక పేదింటి పిల్లను తెచ్చి కట్టబెట్టటం మన ప్రాంతాలలో కొత్త కాదు. ఇది ఆ పిల్లపట్ల మోసం. దాంపత్యానికి అశక్తుడైన భర్త నుంచి విడిపోయే హక్కును ఫిఖహ్ భార్యకిచ్చింది. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలోనూ అది ఒక కారణంగా ఉన్నది. కొడుకు పరువు కోసం పరాయి బిడ్డ బ్రతుకును బలి పెట్టటాన్ని ఏ షరీఅత్తూ సమర్థించదు.

రెండవ ప్రశ్నకు జవాబు

మసీదుకు వచ్చిన వ్యక్తిని పంపివేయటం తప్పు. శరీరరీత్యా పురుషుడైతే పురుషుల వరుసలోనే నిలబడతాడు. ఖున్సా ముష్కిల్ అయితే హనఫీ ధర్మశాస్త్రం వరుస కూడా చెప్పింది: పురుషులు, తరువాత బాలురు, తరువాత ఖున్సా, తరువాత స్త్రీలు. స్త్రీలు రాని గ్రామ మసీదులో అది చివరి వరుస అవుతుంది. అవయవాలు తొలగించుకోవటం షరీఅత్‌లో నిషిద్ధమే. కాని చేసుకున్నవారిపై నమాజు ఫర్జ్ తొలగిపోదు. తొలగిపోని ఫర్జ్‌ను నెరవేర్చటానికి వచ్చినవారిని ఆపే అధికారం ముతవల్లీకిగాని, పెద్దలకుగాని లేదు.

హైదరాబాదు హిజ్రాల జీవితంపై గాయత్రీ రెడ్డి 2005లో వెలువరించిన పరిశోధన గ్రంథం ఒక సంగతి నమోదు చేసింది. వారిలో పుట్టుకతో ముస్లింలు కానివారు సైతం సలాంతో పలకరించుకుంటారు, ముస్లిం ఆచారాలు పాటిస్తారు. సమాజం అన్ని వైపులా తలుపు మూసినప్పుడు వారు పట్టుకున్న మాట 'అస్సలాము అలైకుం'. దానికి బదులు చెప్పటం మనపై వాజిబ్.

చిట్టమూరు సోదరులు ఆ వ్యక్తిని వెతికి, వచ్చే జుమాకు రమ్మని పిలవాలని మా మనవి. ఎగతాళి చేయబడినవారు ఎగతాళి చేసినవారికంటె మేలైనవారు కావచ్చునని 49వ సూరా, 11వ ఆయతు హెచ్చరించింది. ఎవరి సజ్దా స్వీకృతమైనదో అల్లాహ్‌కే తెలుసు. ధర్మాన్ని విడువకుండా న్యాయం చేసే శక్తిని ఆయన మనకు ప్రసాదించుగాక. ఆమీన్.