ప్రాసెసర్, మదర్‌బోర్డుల మార్పు: నిర్ణయానికి ప్రాతిపదికలు

ఉపోద్ఘాతం:
పరిశోధకుని పనిలో కంప్యూటర్ పాత్ర సిద్ధాంతగ్రంథాన్ని టైపు చేయడంతో ముగియడం లేదు. పాత పత్రికల పుటలను స్కాన్ చేయడం, టెసరాక్ట్ వంటి ఉపకరణంతో వాటిని యూనికోడ్ పాఠంగా మార్చడం, ఆ పాఠంలో పదప్రయోగాలను వెదకడం కూడా దాని మీదనే సాగుతున్నాయి. యంత్రం నెమ్మదించినప్పుడు ప్రాసెసర్‌ను, దానితోపాటు మదర్‌బోర్డును మార్చాలన్న ఆలోచన సహజంగా కలుగుతుంది. పరిమితమైన ఫెలోషిప్ సొమ్మును దానికి వెచ్చించే ముందు పరిశీలించవలసిన అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

1. జాప్యానికి మూలం:
ఒక భాగం వేగాన్ని పెంచితే కలిగే ప్రయోజనం, మొత్తం పనిలో ఆ భాగం వినియోగమయ్యే కాలానికే పరిమితమని జీన్ ఆమ్డాల్ 1967లో చేసిన వాదన ఆమ్డాల్ సూత్రంగా ప్రసిద్ధమైంది. ఉదాహరణకు, 100 నిమిషాల పనిలో 40 నిమిషాలు ప్రాసెసర్‌వి, 60 నిమిషాలు హార్డ్‌డిస్క్‌వి అనుకుంటే, ప్రాసెసర్ వేగం రెట్టింపైనా పని 80 నిమిషాలు పడుతుంది. డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీని అమర్చడమే అక్కడ తగిన పరిష్కారం.

పని నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌ను చూస్తే మూలం తెలుస్తుంది. మెమరీ నిండిపోతే ర్యామ్ చాలడం లేదని, డిస్క్ 100 శాతం వద్ద నిలిస్తే జాప్యం అక్కడ ఉందని గ్రహించాలి. అయితే ఒకే కోర్‌ను వాడే ప్రోగ్రామ్, నాలుగు కోర్ల ప్రాసెసర్‌ను 25 శాతం మాత్రమే వినియోగిస్తున్నట్లు కనిపించినా, వాస్తవానికి ప్రాసెసరే దానికి అడ్డంకి కావచ్చు.

2. భాగాల పరస్పర సంబంధం:
ప్రాసెసర్ సాకెట్‌లో ఇమిడినంత మాత్రాన పనిచేయదు. చిప్‌సెట్, బయోస్ కూడా దానిని గుర్తించాలి. ఇంటెల్ 7వ, 8వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు రెండింటికీ 1151 సాకెట్టే ఉన్నా, 7వ తరం బోర్డులో 8వ తరం ప్రాసెసర్ అధికారికంగా చెల్లదు. ఇందుకు భిన్నంగా, ఏఎండీ సంస్థ ఏఎమ్4 సాకెట్‌తో 2017లో వచ్చిన కొన్ని బోర్డులు, బయోస్ నవీకరణ తరువాత 2020 నాటి రైజెన్ 5000 శ్రేణిని స్వీకరిస్తాయి. అటువంటి చోట బోర్డును మార్చనక్కరలేదు. ఏఎమ్5కు మారేవారు మాత్రం డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి. పాత డీడీఆర్4 అందులో పట్టదు. ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ సాధారణంగా బోర్డుకే అతికి ఉంటుంది కనుక ఈ చర్చ డెస్క్‌టాప్‌లకే వర్తిస్తుంది.

3. వేగంతో సంబంధం లేని కారణం:
విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0, దాదాపుగా ఇంటెల్ 8వ తరం లేదా రైజెన్ 2000 శ్రేణి నుండి మొదలయ్యే ప్రాసెసర్ అవసరం. కాబట్టి చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని కూడా భద్రత దృష్ట్యా మార్చవలసి రావచ్చు. యూనికోడ్‌లో పనిచేసేవారికి లినక్స్ ఒక ప్రత్యామ్నాయం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్ళు గలవారికి ఆ మార్గం సులభం కాదు.

4. ముందుజాగ్రత్తలు:
కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఓఈఎమ్ విండోస్ లైసెన్సు సాధారణంగా పాత మదర్‌బోర్డుకే పరిమితం. కొత్త లైసెన్సు ఖర్చును కూడా అంచనాలో చేర్చాలి. బిట్‌లాకర్ అమలులో ఉంటే బోర్డు మారిన తరువాత రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్‌లోని సమాచారం చేజారినట్లే. కనుక కీని, సిద్ధాంతగ్రంథం ప్రతిని ముందే వేరొక చోట భద్రపరచాలి.

ముగింపు:
• జాప్యం డిస్క్ లేదా మెమరీలో ఉంటే వాటినే మార్చడం సముచితం.
• ప్రాసెసరే కారణమైతే, ప్రస్తుత బోర్డు స్వీకరించే మెరుగైన ప్రాసెసర్ ఉందేమో తయారీదారు జాబితాలో చూడాలి.
• అది లేనప్పుడు, లేదా భద్రతా నవీకరణలకు మరో మార్గం లేనప్పుడు రెండింటినీ మార్చడం సమంజసం. అప్పుడు ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, లైసెన్సుల మొత్తం వ్యయాన్ని కొత్త యంత్రం ధరతో పోల్చిన తరువాతే నిర్ణయించుకోవాలి.