నెట్ నెమ్మదిగా ఉన్నా కంప్యూటర్ కేంద్రం నడపొచ్చు: ఏ పద్ధతి ఎంచుకోవాలి?

(పుట్టపర్తి పరిసర గ్రామాల్లో పథకం సాయంతో కంప్యూటర్ కేంద్రం పెట్టుకునే లబ్ధిదారుల కోసం)

ప్రతి సీటుకూ కొత్త కంప్యూటర్ కొనాలా?
అక్కర్లేదు. ఒక మంచి కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టి, మిగతా సీట్లకు థిన్ క్లయింట్లు పెట్టుకోవచ్చు. థిన్ క్లయింట్ అంటే తెర, కీబోర్డు, మౌస్ తగిలించుకునే చిన్న పెట్టె. పనంతా సర్వర్‌లో జరుగుతుంది. మీ తెర మీదికి దాని బొమ్మ మాత్రమే వస్తుంది.

మరి నెమ్మది ఎందుకవుతుంది?
1366×768 తెర బొమ్మను ఉన్నదున్నట్టు పంపితే సుమారు 3 ఎంబీ. 1 ఎంబీపీఎస్ లైన్‌లో అది రావడానికి 25 సెకన్లు పడుతుంది. అందుకే మారిన భాగాన్నే, కుదించి పంపుతారు. మన చేలల్లో డ్రిప్ పద్ధతి లాంటిదే: ఉన్న నీళ్లను మొక్క మొదట్లోకే వదులుతాం కదా.

ఏది దేనికి?
• వీఎన్‌సీ: మారిన భాగాలను బొమ్మలుగా పంపుతుంది. విండోస్, లినక్స్ రెండింట్లోనూ పనిచేస్తుంది. నెట్ తక్కువైతే తడబడుతుంది. రంగులు తగ్గిస్తే కొంత మేలు.
• ఆర్‌డీపీ: విండోస్‌కు తగినది. తక్కువ నెట్‌లో సాధారణంగా వీఎన్‌సీ కన్నా చురుగ్గా ఉంటుంది. అయితే విండోస్ ప్రోలో ఒకసారికి ఒక్కరే పనిచేయగలరు. ఎక్కువమందికైతే విండోస్ సర్వర్, దానికి తగ్గ లైసెన్సులు కొనాలి. ఈ ఖర్చు ముందే లెక్కేసుకోండి.
• ఎక్స్‌టూగో: లినక్స్‌కు. ఉచితం. నెమ్మది లైన్ల కోసం విడిగా సెట్టింగులు ఉన్నాయి.
వీడియోలు చూడటానికి మాత్రం తక్కువ నెట్‌లో ఇవేవీ సరిపోవు.

సర్వర్ ఎక్కడ పెట్టాలి?
వీలైతే మీ కేంద్రంలోనే. అప్పుడు తెర బొమ్మలు లోపలి వైరు మీదే తిరుగుతాయి, బయటి లైన్ వెబ్‌సైట్లకు మిగులుతుంది. సర్వర్ దూరాన ఉంటే మీరు నొక్కిన ప్రతి అక్షరమూ అక్కడిదాకా పోయి రావాలి. ఎంత కుదించినా ఆ ఆలస్యం పోదు.

దరఖాస్తు మధ్యలో లైన్ తెగితే?
కంగారు పడొద్దు. ఆర్‌డీపీ, ఎక్స్‌టూగోలలో మీ పని మామూలుగా సర్వర్‌లో అలాగే ఉంటుంది. అదే యూజర్ పేరుతో మళ్లీ లోపలికి వెళ్లి చూడండి. చూడకుండా రెండో దరఖాస్తు పెట్టొద్దు. కరెంటు పోయి సర్వర్ ఆగితే మాత్రం సేవ్ చేయని పని పోతుంది. కాబట్టి యూపీఎస్ ముందు సర్వర్‌కే పెట్టండి.

తప్పక గుర్తుంచుకోండి
"పథకం డబ్బులు ఆగాయి, ఎనీడెస్క్ వేసుకోండి, సరిచేస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మొద్దు. ఆ యాప్ ద్వారా మీ తెర వాళ్లకు కనిపిస్తుంది. ఓటీపీ కూడా కనిపిస్తుంది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం చేసే కొద్దీ డబ్బు తిరిగి రావడం కష్టం.