ఆగ్వా అంటే నీళ్లే... కానీ!

కౌబాయ్ సినిమా చూసొచ్చిన కుర్రాళ్లలో చాలామంది అనుకుంటారు... ఆ దుమ్ము, ఆ మోడుకొండలు అన్నీ అమెరికావేనని! కాదండీ బాబూ! సెర్జియో లియోన్ 1966లో తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'లో చాలా భాగం స్పెయిన్ దేశంలోనే తీశారు. అక్కడ అల్మెరియా దగ్గర తబెర్నాస్ అని ఓ ఎడారి వుంది. గుర్రాలు దౌడు తీసింది అక్కడే! మన కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు' (1971)కి ప్రేరణ ఆ బాపతు చిత్రాలే.

పామిడిలో కూచుని స్పెయిన్ కబుర్లేమిటంటారా? మాది పెన్న ఒడ్డు ఊరు. ఒడ్డు వుంది, వంతెన వుంది, కావలసినంత ఇసుక వుంది. నీళ్లు మాత్రం ఎప్పుడో వచ్చిపోయే చుట్టం! అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందుకేనేమో, స్పానిష్‌లో నేను ముందుగా పట్టుకున్న మాట 'ఆగ్వా'. అంటే నీళ్లు.

స్పానిష్‌కూ మనకూ చుట్టరికం కొత్తదేం కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నెలకొల్పి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే వుండిపోయారు. ఆ చలవతో స్పెయిన్ దాతలకూ మన పల్లె పిల్లలకూ మధ్య ఉత్తరాలు నడిచాయి. మధ్యలో అనువాదకులు! వాళ్లు మాటకు మాట పేర్చుకుంటూ పోతే ఇక్కడి కరువు అక్కడి మనిషికి ఎలా తెలుస్తుంది చెప్పండి?

మగవేషంలో హీరోయిన్!

ఆగ్వా స్త్రీలింగం. స్త్రీలింగానికి ముందు 'లా' రావాలి, పుంలింగానికి 'ఎల్'. కానీ 'లా ఆగ్వా' అంటే పక్కపక్కనే రెండు 'ఆ'లు ఢీకొంటాయి. అందుకని 'ఎల్ ఆగ్వా' అంటారు. మన సినిమాల్లో హీరోయిన్ మీసం పెట్టుకుని మగవేషం కట్టినట్టన్నమాట! వేషం ఎంతసేపు నిలుస్తుంది? చన్నీళ్లని 'ఎల్ ఆగ్వా ఫ్రియా' అనగానే 'ఫ్రియా' అనే ఆడ విశేషణం గుట్టు బయటపెట్టేస్తుంది. బహువచనంలో 'లాస్ ఆగ్వాస్'. మీసం ఊడిపోయింది!

వాళ్ల నుడి, మన నుడి

'సె మె ఆసె లా బోకా ఆగ్వా' అంటే మక్కీకి మక్కీ "నా నోరు నీళ్లవుతోంది" అని. మనకు నోరూరుతుంది. ఇక్కడ పేచీ లేదు.

వెనకటి రోజుల్లో స్పెయిన్‌లో మేడమీంచి మురికినీళ్లు వీధిలోకి పారబోసేముందు "ఆగ్వా వా!" అని కేకేసేవారట. నీళ్లొస్తున్నాయి, తప్పుకోండని! ఆ కేకైనా వేయకుండా చేసే పనిని 'సిన్ దెసిర్ ఆగ్వా వా' అంటారు. మనం "చెప్పాపెట్టకుండా" అంటామే, అదే!

'ఆగ్వా పసాదా నో మువేవె మోలీనో'... దాటిపోయిన నీరు మరను తిప్పదు. మనది గతజల సేతుబంధనం. వాళ్లకు ఆగిపోయిన మర గుర్తొస్తే, మనకు కట్టని కట్ట గుర్తొస్తుంది!

'కోన్ ఎల్ ఆగ్వా అల్ క్వెయ్యో'... మెడదాకా నీళ్లు. అంటే పీకల్లోతు కష్టాల్లో వున్నాడని. మా పెన్నలో వేసవిలో కాలి మడమ తడవదు గానీ, బోరు మీద బోరు వేయించి చుక్క పడని రైతు మాత్రం పీకల్లోతు అప్పుల్లో వుంటాడు.

అసలు చిక్కు 'కోమో ఆగ్వా దె మాయో' దగ్గర. మే నెల వానలాగా! అక్కడ ఆ వాన పైరుకు ప్రాణం. మనకు మే అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తె. వేరుశెనగ రైతు ఎదురుచూసేది ఆ తర్వాత విత్తనానికి పడే పదును వాన కోసం. కనక "మే వానలా వచ్చావు" అని రాస్తే మా ఊళ్లో ఎవరికీ ఎక్కదు. "అదనుకు పడ్డ వానలా వచ్చావు" అనాలి. చూశారా, నుడికారం మార్చాలంటే నిఘంటువొక్కటే చాలదు, పంచాంగం కూడా కావాలి!

తెరమీద ఆగ్వా

1992లో అల్ఫాన్సో అరావు తీసిన మెక్సికన్ చిత్రం 'కోమో ఆగ్వా పారా చొకొలాతె'. లారా ఎస్కివెల్ నవల ఆధారం. పేరు చూసి తియ్యటి ప్రేమకథ అనుకోకండి. చాక్లెట్ కలపడానికి మరగబెట్టిన నీళ్లలా వున్నారంటే, లోపల కుతకుతలాడిపోతున్నారని అర్థం. ప్రియుడు కళ్లెదుటే అక్కను పెళ్లాడితే ఆ పిల్ల ఉడికిపోదూ మరి!

ఇంకోటి, ఇసియార్ బొయాయిన్ 2010లో తీసిన 'తాంబియెన్ లా యూవియా'. వానను కూడా అని అర్థం. కొలంబస్ మీద సినిమా తీయడానికి ఓ యూనిట్ బొలీవియా వెళ్తుంది. అక్కడ కోచబాంబాలో నీటి సరఫరాను ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తే, 2000లో జనం నిజంగానే వీధుల్లోకొచ్చారు. సినిమాలో వేషం వేసే స్థానికుడే ఆ పోరాటానికీ నాయకుడు! అతను చివర్లో నిర్మాతకిచ్చే కానుక ఓ చిన్న సీసాడు నీళ్లు. నిర్మాత దాన్ని స్పానిష్‌లో ఆగ్వా అనడు, ఆ నేలవాళ్ల కెచువా భాషలో "యాకు" అంటాడు. వేసవిలో ఇసుకలో చెలమ తవ్వి బిందె నింపుకున్న మావాళ్లకు ఆ సీన్ విలువ వేరే చెప్పాలా?

స్పెయిన్ అతిథి మీ గడపలోకొస్తే మీరూ ఒక ముక్క నేర్చుకోండి. "ఆగ్వా?" అని అడిగి చెంబు చేతికివ్వండి. వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు!